వెర్లిన్ హాగెన్ రివర్స్ గేరు

నిశ్శబ్దం కోసం మావాళ్ళు పడే హడావుడి అంతా ఇంతా కాదు. జూన్ వచ్చిందంటే చాలు, మిన్నెసోటా ఉత్తరాన అడవిలో ఉన్న మా వంకర చెంచా సరస్సు పార్కుకి ఇళ్ళకు ఇళ్ళే చక్రాలమీద బయల్దేరతాయి. దగ్గర్లో ఊరు లేదు, ఫోను పలకదు, రాత్రయితే లూన్ పక్షి కూత తప్ప ఇంకేమీ వినబడదు. అందుకే వస్తున్నామంటారు. వచ్చీ రాగానే డిష్ యాంటెన్నా బిగిస్తారు. పచ్చగడ్డి మీద పచ్చ తివాచీ పరుస్తారు. చెట్లకి రంగు లైట్లు కడతారు, గుమ్మం ముందు ప్లాస్టిక్ కొంగల్ని పాతుతారు. మర్నాటికల్లా ఫోన్లు పైకెత్తి పట్టుకుని, పోయిన దూడని వెతుక్కునేవాళ్ళలా సిగ్నల్ కోసం గట్లంట తిరుగుతుంటారు. మధ్యలో ఎవరైనా ఎదురుపడితే "అన్నీ వదిలేసి వచ్చాం, ఎంత హాయిగా ఉందో" అంటారు. నేనూ తక్కువేం తినలేదు. మా ట్రైలర్లో రెండు కాఫీ మెషీన్లున్నాయి. ఒకటి పాడైతే అడవిలో ఏం చేస్తామని మా ఆవిడ ఆర్డిస్ భయం.

ఈ ఊరేగింపు అంతటికీ పెద్ద వెర్లిన్ హాగెన్. పార్కు గేటు దాటగానే మొదటి సైటు ఆయనది. ముందు "హోస్ట్" అని బోర్డుంటుంది. హోస్ట్ అంటే జీతం లేని కాపలా. మే నుంచి సెప్టెంబరు దాకా ట్రైలరు పెట్టుకోవడానికి ఊరికే చోటిస్తారు. బదులుగా నిప్పుల గుంతల్లో బూడిద ఎత్తాలి, కట్టెలమ్మాలి, కుక్కల్ని తాడు లేకుండా వదిలేసినవాళ్ళకి మర్యాదగా చెప్పాలి. డెబ్బై దాటిన వెర్లిన్ ఈ పనిని దేశాధ్యక్ష పదవికి ఒక్క మెట్టు కింద లెక్కేసుకున్నాడు. చేతికర్ర ఒకటి ఎప్పుడూ దగ్గరుండేది. కాళ్ళు బాగానే ఉన్నాయి, అది చూపించడానికి.

అంతకుముందు ఆయన మా జిల్లాలో ట్రాక్టర్లూ, కోత యంత్రాలూ అమ్మేవాడు. అమ్మడమే కాదు, ఎలా నడపాలో రైతులకి ఉపన్యాసమిచ్చి మరీ అమ్మేవాడు. ఆయన మాటలు విని యంత్రం కొన్నవాళ్ళు కొందరైతే, ఆ నోరు ఆగితే చాలని కొన్నవాళ్ళు ఎక్కువమంది.

మా పార్కులో సినిమా లేదు, నాటకం లేదు. ఉన్నదల్లా శుక్రవారం మధ్యాహ్నం. వారాంతానికొచ్చేవాళ్ళంతా అప్పుడే దిగుతారు. ముందు పికప్పు, వెనక ట్రైలరు. సైటులోకి దాన్ని వెనక్కి తోసి పెట్టాలి. ట్రైలరు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి, ఎక్కువ తిప్పితే బండీ ట్రైలరూ కత్తెరలా మడత పడతాయి. మొగుడు స్టీరింగు దగ్గరుంటాడు, పెళ్ళాం వెనక నిలబడి చేతులూపుతుంది. ఆవిడ ఊపేది ఆయనకి కనబడదు, ఆయన అరిచేది ఆవిడకి వినబడదు. ముప్పై ఏళ్ళు కలిసి కాపురం చేసినవాళ్ళు ఆ పావుగంటలో ఒకరి పుట్టింటిని ఒకరు గుర్తు చేసుకుంటారు. మేమందరం మడత కుర్చీలు బయటేసుకుని, కాఫీ కప్పులు పట్టుకుని, ఎటో చూస్తున్నట్టు కూర్చుని అంతా చూస్తాం.

చూస్తాం కానీ ఒక్క మాట అనం. అది మా జాతి లక్షణం. నార్వేనుంచీ స్వీడన్‌నుంచీ వచ్చిన మా తాతలు చలికి నోరు తెరిచేవారు కాదో ఏమో, మాకూ అదే అబ్బింది. ఎంత గొప్ప పనికైనా మా మెప్పు "పర్లేదు". ఎంత దరిద్రంగా తగలబెట్టినా మా తిట్టు "కాస్త వేరే రకంగా ఉంది". ట్రైలరు తీసుకెళ్ళి చెట్టుకి గుద్దినవాడితో కూడా "చెట్టు అక్కడుండటం కాస్త వేరే రకంగానే ఉందిలే" అని కాఫీ ఇస్తాం.

మాలో ఒక్క వెర్లినే దీనికి మినహాయింపు. శుక్రవారం మధ్యాహ్నం తన పేరు కుట్టించుకున్న నీలం కుర్చీలో కూర్చుని, బండి కనబడగానే కర్ర పుచ్చుకుని లేచేవాడు. ఎడమకి కొట్టు, కుడికి కొట్టు, అద్దంలో చూడవయ్యా, చేతుల్లో స్టీరింగు పట్టుకున్నావా పాయసం గరిటె పట్టుకున్నావా! ఇలా సాగేది. భార్య మాట వినబోయిన మొగుణ్ణి పట్టుకుని, ఒక బండికి ఒకే బుర్ర ఉండాలనేవాడు. ఆ మాటతో కనీసం రెండు పెళ్ళిళ్ళు మా కళ్ళముందే బీటలువారాయి. ఓ ఏడు నాకు ఇచ్చిన సలహా పుణ్యాన ఆర్డిస్ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండ్రోజులే నేను నిజంగా నిశ్శబ్దం అనుభవించానని తర్వాత నవ్వుకున్నాం గానీ, అప్పుడు నవ్వు రాలేదు.

ఇంత చెప్పే వెర్లిన్‌కి ట్రైలరు రివర్స్ చేయడం రాదు.

మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ పొలాల్లో పుట్టిన పిల్లలు పళ్ళూడే వయసుకే గడ్డిబండి వెనక్కి తోసి కొట్టంలో పెడతారు. అది రాని మగాడంటే ఈత రాని బాతు. వెర్లిన్ ఊళ్ళో పాస్టరుగారి అబ్బాయి. గడ్డిబండి ఎక్కిన పాపాన పోలేదు. కుర్రప్పుడు నేర్చుకుందామంటే రాదని ఒప్పుకోవాలి. తర్వాత యంత్రాలమ్మే ఉద్యోగం వచ్చింది, ఇక ఒప్పుకునే దారే లేకపోయింది. పని నడిపింది ఆయన భార్య మార్లిస్. పాడి రైతు కూతురు. ఏటా మే మొదట్లో, సరస్సు మీద మంచు కరిగీ కరగకముందే, పార్కులో మనిషన్నవాడు లేనప్పుడు ఇద్దరూ వచ్చేవారు. మార్లిస్ ఒక్క ఊపులో ట్రైలరు సైటులో పెట్టేసేది. అది ఇక సెప్టెంబరు చివర అందరూ వెళ్ళిపోయేదాకా కదిలేది కాదు. పోయేటప్పుడు ముందుకే పోవాలి కనుక పేచీ లేదు.

ఒక వసంతంలో చేపలెలా ఉన్నాయో చూద్దామని నేను ముందుగా వచ్చి, ఆ దృశ్యం కళ్ళారా చూశాను. స్టీరింగు దగ్గర మార్లిస్. వెనక వెర్లిన్ కర్ర ఊపుతూ గంభీరంగా సైగలు చేస్తున్నాడు. ఆవిడ ఒక్కసారైనా అటు చూడలేదు. ఇంటికెళ్ళి ఆర్డిస్‌తో చెప్పి, ఎవరితోనూ అనొద్దన్నాను. ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఆ వేసవిలో మొదటి ఆదివారానికల్లా పార్కులో అందరికీ తెలిసిపోయింది.

అయినా ఎవరూ పైకి అనలేదు. మర్యాద ఒక కారణమైతే, అసలు కారణం మార్లిస్.

వెర్లిన్‌కి అవమానం జరిగిన చోట మళ్ళీ కాలుపెట్టే అలవాటు లేదు. చర్చిలో ఆర్గాన్ వాయించే ఆవిడ, పాట కాస్త ముందుగా ఎత్తుకున్నారని మెల్లిగా అంది. అంతే, కుటుంబం కుటుంబం పదిహేను మైళ్ళ అవతలి చర్చికి మారింది. పాత చర్చిలో పాటల బృందానికంతటికీ మార్లిస్ గొంతే వెన్నెముక. కొత్త చర్చిలో పాటల బృందమే లేదు. బంతి దొర్లించి చెక్క సీసాల్ని పడగొట్టే బౌలింగ్ ఆటలో ఆయన గురి తప్పితే జట్టులో ఎవడో నవ్వాడు. మార్లిస్‌కి అక్కడ స్నేహితురాళ్ళతో గడిపే గురువారాలు పోయాయి. పేకాట మిత్రుల ఇంట్లో వేసిన ముక్క తప్పన్నారు. ఆ గుమ్మం మూసుకుపోయింది. ప్రతిసారీ ఆయన తన కుర్చీ మడిచేవాడు, ఆవిడ తన కోటు తగిలించుకునేది. అలా తరుగుతూ తరుగుతూ ఆవిడకి మిగిలింది ఈ సరస్సొక్కటే. పొద్దున్నే, వేలు పెడితే కొంకర్లు పోయే నీళ్ళలో దిగి, అవతలి రెల్లు దుబ్బుల దాకా ఈదుకుంటూ పోయి వచ్చేది. వచ్చాక ఆవిడ మొహం చూస్తే, పార్కులో అసలు హాయిగా ఉన్న మనిషి ఈవిడొక్కతే అనిపించేది. అందుకని వెర్లిన్ గుట్టు మేమందరం కాపాడాం. ఆయన తిట్లు తిని, ఆవిడ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి బిళ్ళలు తిని, కిమ్మనకుండా ఉన్నాం.

మొన్నటి జులై నాలుగో తారీకు స్వాతంత్ర్య పండగకి ముందు శుక్రవారం దాకా.

గురువారం గాలివాన వచ్చింది. హోస్ట్ సైటు మీదికి వంగిన ముసలి పోప్లార్ చెట్టు సగానికి చీలి, ట్రైలరు నెత్తిన వేలాడుతోంది. శుక్రవారం పొద్దున పార్కు చూసుకునే రేంజరు రినే వచ్చింది. ముప్పై నిండని పిల్ల, చాలా పద్ధతైన మనిషి. చెట్టు కొట్టేవాళ్ళు సాయంత్రం నాలుగింటికొస్తారు, ఈలోగా ట్రైలరు పదిహేడో సైటుకి మార్చమంది. పండగకి పార్కంతా ముందే బుక్కయిపోయింది, అదొక్కటే ఖాళీ. ఖాళీ ఎందుకంటే, దాంట్లోకి పెట్టడం ఎవరివల్లా కాదు. దారి వంపులో ఉంటుంది. ఒకపక్క పైన్ చెట్టు, ఇంకోపక్క కుళాయి స్తంభం, లోపల ఏటవాలు. దాని పక్కన పదహారోది మాది కనుక ఈ కథంతా నాకు ముందు వరసలో దొరికింది.

వెర్లిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మొదట చెట్టు పడదన్నాడు. తర్వాత టైర్లలో గాలి చాలదన్నాడు. రినే గాలి పంపు తెప్పించింది. చక్రం కింద కందిరీగల పట్టుందన్నాడు. ఆమె వంగి చూసి, లేదంది. చివరికి, జనం పడుకున్నాక రాత్రి పదకొండింటికి మారుస్తాను, ఆ చెట్టువాళ్ళని రేపు రమ్మను అన్నాడు. రినే ఆయన వెనకున్న బోర్డు వైపు చూసింది. ఆయన చేత్తో రాసి పాతిన బోర్డే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇంజను చప్పుడు వినబడితే పార్కునుంచి పంపించబడును, ఎంతటివారైనా సరే, అని ఉంది దానిమీద. "ఎంతటివారైనా" కింద గీత కూడా ఉంది.

నేను నీళ్ళ క్యాను పట్టుకుని అటు వెళ్ళేసరికి మార్లిస్ ఈత నుంచి వచ్చి, తడి తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. నన్ను వాళ్ళు చూడలేదు.

"నేను పెడతాలే వెర్లిన్. రెండు నిమిషాల పని."

"ఇంతమందిలోనా? నన్నిక తలెత్తుకోనిస్తారా?"

"మరి నువ్వు పెడతావా?"

ఆయన కర్రతో నేల గీకాడు. "పెడతాను. తేడా వస్తే మాత్రం సామాన్లు సర్దెయ్యి. ఈ పార్కు మనకి అచ్చిరాలేదనుకుందాం. సరస్సులదేముంది, మన రాష్ట్రంలో ఎక్కడ చూసినా సరస్సులే."

 మార్లిస్ తువ్వాలు విప్పి, పిండి, మళ్ళీ చుట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. క్యాను నింపకుండానే వెనక్కొచ్చి ఆర్డిస్‌తో చెప్పాను. ఎవరితోనూ అనొద్దనడం మర్చిపోయాను గానీ, అన్నా తేడా ఏముంది?

మధ్యాహ్నం మూడయ్యేసరికి పదిహేడో సైటు ముందు దారికి అటూ ఇటూ కుర్చీలు పడ్డాయి. అందరికంటే పెద్దాయన, ఎనభై దాటిన ఎల్‌రాయ్ బాకే పన్నెండో సైటునుంచి కుర్చీ మోసుకొచ్చాడు. ఆయన పాల వ్యాపారం చేసి మానేసినవాడు, రోజుకి పది మాటలు మించి ఖర్చు పెట్టడు. ఎవరో పాప్‌కార్న్ కూడా వేయించారు. ఒక కొత్త జంట కూడా వచ్చి నిలబడింది. టెక్సాస్ నుంచి వచ్చిన డెలానీ, ఆమె మొగుడు ఏబెల్. అద్దెకి తీసుకున్న ట్రైలరు. ఆ మధ్యాహ్నమే వెర్లిన్ ఏబెల్‌ని నిలబెట్టి, సైకిల్ కూడా ఎక్కొద్దని హితవు చెప్పాడు. డెలానీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం ఆ పిల్లకి మా పద్ధతులేమీ తెలియవు.

జనమంతా ఇటు చేరాక పాత సైటులో మార్లిస్ ట్రైలరు తగిలించిపెట్టిన పికప్పుని వెర్లిన్ ఇక్కడిదాకా ముందుకు నడిపి తెచ్చి, అద్దాలు సర్దుకున్నాడు. టోపీ కూడా సర్దుకున్నాడు. మార్లిస్ వెనక నిలబడింది, చేతులు కట్టుకుని. సైగలేమీ చేయలేదు. చేస్తే ఆయన చూడడని ఆవిడకి తెలుసు.

మొదటిసారి ట్రైలరు పైన్ చెట్టు వైపు పోయింది. ఆపి, ముందుకొచ్చి, మళ్ళీ వెళ్ళాడు. ఈసారి రోడ్డుకి అడ్డంగా మడత పడింది. మూడోసారి ఎలా తిప్పాడో ఏమో, మా సైటులోకి సగం వచ్చి ఆర్డిస్ పాతిన ప్లాస్టిక్ కొంగ మీదుగా పోయింది. ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "అది పాతదేలే" అంది. మిగతావాళ్ళు కాఫీ తాగుతున్నట్టు నటించారు. కప్పులు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. ఇంజను పొగలు కక్కుతోంది. అద్దంలో వెర్లిన్ మొహం ఉడకబెట్టిన బీట్‌రూట్‌లా ఉంది. తొమ్మిదేళ్ళుగా ఈ ఘడియ కోసం ఎదురుచూసినవాణ్ణి నేను, తీరా వచ్చాక చూడలేకపోయాను. నా చూపు మాటిమాటికీ మార్లిస్ మీదికి పోతోంది. ఆవిడ ట్రైలరు చూడటం లేదు. చెట్ల సందులోంచి కనబడుతున్న నీళ్ళని చూస్తోంది, సెలవు తీసుకుంటున్నట్టు.

అప్పుడు ఎల్‌రాయ్ బాకే లేచాడు.

"సరస్సు ఈ పూట బాగుంది" అన్నాడు. తన కుర్చీ ఎత్తి, దారికి వీపు పెట్టి తిప్పుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

ఆయన తిరిగిన వైపు సరస్సు లేదు. ఉన్నది మరుగుదొడ్ల గది వెనక గోడ. అయినా పక్కాయన లేచి కుర్చీ తిప్పాడు. తర్వాత ఆర్డిస్. తర్వాత నేను. చూస్తుండగానే దారికి అటూ ఇటూ ఉన్న కుర్చీలన్నీ తిరిగిపోయాయి. పార్కు పార్కంతా కూర్చుని మరుగుదొడ్ల గోడని తన్మయంగా చూడసాగింది. గోడకి కొత్త రంగు వేసినట్టున్నారని ఒకరన్నారు. పర్లేదు, బాగానే వేశారని ఇంకొకరన్నారు. కిటికీ కాస్త వేరే రకంగా ఉందని మూడో ఆయన గమనించాడు.

మా వీపుల వెనక పికప్పు తలుపు తెరుచుకుంది. మూసుకుంది. ఇంకో తలుపు తెరుచుకుంది. ఇంజను ఒకసారి గుర్రుమని, తర్వాత పిల్లిలా మెత్తబడింది. కంకర మీద చక్రాలు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా దొర్లాయి. బ్రేకు పడింది. అంతే. గోడ చూస్తూనే మిగతాది ఊహించేసుకున్నాను. ఇప్పుడు వెర్లిన్ దిగి, అద్దాలు వాడటం ఎలాగో మాకు పాఠం చెబుతాడు. మేం తలలూపుతాం. మార్లిస్ రేపు పొద్దున్న ఈదుతుంది. ఇంత చక్కటి అబద్ధాన్ని ఇంతమంది కలిసి ఆడటం మా జిల్లా చరిత్రలో లేదు.

అంతలో చప్పట్లు వినబడ్డాయి.

డెలానీ. ఆ పిల్లకి కుర్చీ లేదు, తిప్పుకోవడానికి. ఉన్నా తిప్పుకునేది కాదు. టెక్సాస్ వాళ్ళు బాగున్నదాన్ని బాగుందనేస్తారు, అదొక జబ్బు.

"ఏవండీ మార్లిస్ గారూ, ఒక్కసారికే పెట్టేశారు! ఎంత బాగా నడుపుతారండీ. మీరుండగా ఈయన మమ్మల్నెందుకు తిట్టారు? నాకు నేర్పరూ?"

ఇక గోడ చూడటం కుదరలేదు. అందరం మెల్లగా తిరిగాం. పైన్ చెట్టుకీ కుళాయికీ సరిగ్గా మధ్యన ట్రైలరు ఉంది, పళ్ళెంలో పెట్టినట్టు. స్టీరింగు దగ్గర మార్లిస్ ఉంది. పక్క సీటులో వెర్లిన్, టోపీ ఒళ్ళో పెట్టుకుని. డెలానీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తను ఏం చేసిందో తెలియలేదు గానీ, ఏదో చేశానని తెలిసింది ఆ పిల్లకి.

వెర్లిన్ దిగాడు. ఎవరివైపూ చూడకుండా రోడ్డంట నడిచి, పాత సైటు దగ్గరున్న తన నీలం కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. దాన్ని మడిచాడు. ఆ టప్పుమన్న చప్పుడు మా అందరికీ వినబడింది. చర్చి పోయినప్పుడూ, బౌలింగ్ పోయినప్పుడూ మార్లిస్ విన్న చప్పుడు అదే అయ్యుంటుంది. కుర్చీ చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి, ఆవిడ పికప్పుకీ ట్రైలరుకీ మధ్య వంగి ఏదో చేస్తోంది.

"సర్దు మార్లిస్. వెళ్ళిపోదాం" అన్నాడు.

ఆవిడ పని ఆపలేదు. ట్రైలరు ముందుండే ఇనప ఆసరా కాలు తిప్పి తిప్పి నేలకి దించింది. చక్రాల కింద చెక్కలు తన్ని బిగించింది. కొక్కెం లేపి, గొలుసులు విప్పింది. పికప్పెక్కి దాన్ని నాలుగడుగులు ముందుకి తీసి, దిగి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు వెళ్ళు. ట్రైలరు ఇక్కడే ఉంటుంది."

"అదేంటి? అది లేకుండా ఎలా పోతాను?"

"తగిలించుకుని తీసుకుపో మరి. పికప్పు రివర్స్‌లో తెచ్చి, వేలెడు తేడా లేకుండా కొక్కెం కిందకి చేర్చి తగిలించాలి." ఆవిడ గొంతు పెంచలేదు. "పెట్టింది నేను వెర్లిన్. ప్రతిసారీ నేనే పెట్టాను. తీసేది కూడా నేనే. సెప్టెంబరులో తీస్తాను."

వెర్లిన్ పికప్పు వైపు చూశాడు. ట్రైలరు వైపు చూశాడు. మధ్యలో నాలుగడుగుల ఖాళీ. ఆ నాలుగడుగులూ సూటిగా వెనక్కి పోయి కొక్కెం కలపడం ఈ జన్మలో ఆయనవల్ల కాదు, అది ఆయనకి తెలుసు, మాకు తెలుసు, మాకు తెలుసన్న సంగతి ఇప్పుడు ఆయనకీ తెలిసింది. కుర్చీ పికప్పు వెనకాల పడేసి, ఎక్కి, గేటు వైపు వెళ్ళిపోయాడు. ముందుకి పోవడంలో ఆయనకి ఎప్పుడూ ఇబ్బంది లేదు.

డెలానీ ఏడుపు మొహంతో క్షమించమంది. మార్లిస్ ఆ పిల్ల భుజం తట్టి, రేపు పదింటికి రమ్మంది, ముందు ఖాళీ స్థలంలో నేర్చుకోవచ్చని. ఏబెల్ తనూ రావచ్చా అని అడిగాడు. చూద్దాంలే అంది.

సాయంత్రం ఆర్డిస్ హాట్‌డిష్ చేసింది, కీమా మీద బంగాళాదుంప ఉండలు పరిచి. మార్లిస్ మాతోనే తింది.  తింటూ తింటూ, పాత చర్చిలో తన పక్కన నిలబడి పాడే ఇవోన్ బతికే ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఇంకా పాడుతోందా అంది. పాడుతోంది గానీ నువ్వు లేక శృతి నిలవట్లేదన్నాను. తల ఊపి ఇంకాస్త వడ్డించుకుంది.

ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే పికప్పు తిరిగొచ్చింది. వంకరగా, సగం గడ్డిలో ఆగింది. వెర్లిన్ దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బయట గాలెలా ఉందని ఎల్‌రాయ్ అడిగాడు. పర్లేదన్నాడు వెర్లిన్. మార్లిస్ లేచి పళ్ళెంలో హాట్‌డిష్ పెట్టి ఇచ్చింది. ఆయన కుర్చీ తెచ్చుకుని, విప్పి, దానిలో కూర్చుని తిన్నాడు. పేరున్న వైపు మాకు కనబడకుండా తిప్పుకున్నాడు.

చెట్టు కొట్టేశాక పాత సైటుకి రమ్మని రినే చెప్పింది గానీ, మార్లిస్ రానంది. పదిహేడులోంచి నీళ్ళు కనబడతాయట. హోస్ట్ బోర్డే ఇటు మారింది.

మరుసటి శుక్రవారం కుర్చీలు మామూలుగానే పడ్డాయి. పదిహేడు ముందు ఈసారి రెండున్నాయి. ఫార్గో నుంచి ఒకాయన బస్సంత ట్రైలరుతో దిగి, పదిహేనులోకి పెట్టబోయి, చెట్టుని గీకి, పిక్నిక్ బల్లని తోసి, చివరికి మూలగా అడ్డంగా ఆపాడు. అలవాటు చొప్పున వెర్లిన్ కర్ర పుచ్చుకుని సగం లేచాడు. మార్లిస్ అల్లిక మీదనుంచి చూపెత్తలేదు.

"కూర్చో" అంది.

కూర్చున్నాడు.  ఇంతకాలం లోపల పేరుకున్న ఉపన్యాసమంతా గొంతుదాకా వచ్చి మింగుడుపడక ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు. ఫార్గో ఆయన చెమటలు కక్కుతూ దిగి, ఎలా ఉందన్నట్టు మా వైపు భయంగా చూశాడు.

వెర్లిన్ ఒకసారి భార్య వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కాస్త వేరే రకంగా ఉందిలే" అన్నాడు.

మార్లిస్ అల్లిక బుట్టలో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, సరస్సు వైపు నడిచింది.